మీకు తెలుసా?: లండన్ వీధుల పాట

• బ్రిటన్ ఫోక్ గాయకుడు రాల్ఫ్ మెక్‌టెల్ రాసి పాడిన ‘స్ట్రీట్స్ ఆఫ్ లండన్’ 1969లో ఒక ఆల్బమ్‌లో వచ్చింది. 1974లో సింగిల్‌గా విడుదలై, బ్రిటన్ చార్టుల్లో 2వ స్థానం దాకా వెళ్లింది.

• ఆయన మొదట అనుకున్నది పారిస్ వీధుల గురించి రాద్దామని! కుర్రతనంలో అక్కడి వీధుల్లో పాటలు పాడుకుంటూ తిరిగారు మరి.

• మూతపడిన సంతలో అరిగిన బూట్లతో తిరిగే ముసలాయన, సంచులు మోసుకుంటూ నడిచే ముసలామె... నిలువ నీడలేని ఇలాంటివాళ్లే ఈ పాటలో కనిపిస్తారు.

• 2017 క్రిస్మస్‌కు మెక్‌టెల్ ఇదే పాటను ‘క్రైసిస్’ సంస్థ గాయక బృందంతో, గాయని ఆనీ లెనాక్స్‌తో కలిసి మళ్లీ రికార్డు చేశారు. ఇల్లులేనివారి కోసం 1967 నుంచి పనిచేస్తున్న ఆ సంస్థకు విరాళాలు సమకూర్చేందుకే దాన్ని విడుదల చేశారు.