డాక్టరుగారి పొట్టికాళ్ల కుక్కలు

రష్యా దేశంలో మెలిహొవో అని ఒక పల్లెటూరు ఉంది. మాస్కో పట్నానికి దక్షిణంగా సుమారు 70 కిలోమీటర్ల దూరం. 1892లో ఒక డాక్టరు ఆ ఊళ్లో ఇల్లూ పొలమూ కొన్నాడు. అమ్మా నాన్నలతో, చెల్లెలితో వచ్చి అక్కడ ఉన్నాడు. ఆయన పేరు అంతోన్ చెహోవ్. ఆయన కథలు కూడా రాసేవాడు. ఆ కథలు ఎన్నో భాషల్లోకి వెళ్లాయి. తెలుగులోకీ వచ్చాయి.

ఆ ఇంటికి 1893 ఏప్రిల్‌లో రెండు కుక్కపిల్లలు వచ్చాయి. ఒకటి మగది, ఒకటి ఆడది. రెండూ డాక్స్‌హండ్ జాతివి.

డాక్స్‌హండ్ ఎలా ఉంటుంది? ఒళ్లు బారెడు, కాళ్లు జానెడు. చెవులు వేలాడుతుంటాయి. నడుస్తుంటే పొట్ట నేలకు రాసుకుంటుందా అనిపిస్తుంది. చూడగానే నవ్వొస్తుంది. అయితే ఆ ఆకారం ఊరికే రాలేదు. జర్మనీలో బాడ్జర్ అనే జంతువు ఉంది. అది నేలలో బొరియ తవ్వుకుని ఉంటుంది. దాన్ని వేటాడాలంటే కుక్క కూడా బొరియలో దూరాలి. అందుకే పొట్టికాళ్ల కుక్కల్ని ఏరి ఏరి పెంచారు. జర్మన్ భాషలో డాక్స్ అంటే బాడ్జర్, హుండ్ అంటే కుక్క. మట్టి తవ్వడానికి దానికి వెడల్పాటి పంజాలున్నాయి. నేల లోపల మొరిగినా పైనున్న వేటగాడికి వినపడేంత గొంతు ఉంది. చీకట్లో, ఒంటరిగా, తనకంటే బలమైన జంతువుతో పోరాడాలి కదా! అందుకని ధైర్యం ఎక్కువ, మొండితనం ఎక్కువ. చెప్పిన మాట వినడం తక్కువ.

చూడటానికి చిన్నది, గర్వం చూస్తే పెద్దది. నవ్వు అక్కడే పుడుతుంది.

ఈ కుక్కల్ని ఇచ్చినాయన పేరు లేకిన్. పీటర్స్‌బర్గ్‌లో ఒక హాస్య పత్రిక నడిపేవాడు. చెహోవ్ డాక్టరు చదువు చదివే రోజుల్లో ఆ పత్రికకు నవ్వు పుట్టించే కథలు రాశాడు. ఆ డబ్బుతోనే ఇల్లు గడిచింది. కుక్కలు ఇంటికి చేరాక చెహోవ్ ఆయనకు ఉత్తరం రాశాడు. మొదటి రాత్రే అవి చేసిన పనులన్నీ అందులో చెప్పాడు. విత్తనాలు చల్లిన పెట్టెల్లోంచి మట్టంతా తవ్వి పోశాయట. బూట్లమీద తొడుక్కునే రబ్బరు జోళ్లను ముందు గదిలోంచి లాక్కెళ్లి ఇల్లంతా పంచాయట. తెల్లారి తోటలోకి తీసుకెళ్తే, అక్కడి నాటుకుక్కలు వాటి ఆకారం చూసి హడలిపోయాయట. ఆ ఉత్తరంలో కోపం ఎక్కడా లేదు. కొత్త చుట్టాలు వస్తే ఎలా చెబుతారో అలా చెప్పాడు.

వాటికి పేర్లు కూడా డాక్టరు బుద్ధితోనే పెట్టాడు. మగదాని పేరు బ్రోమ్. అది ఆ రోజుల్లో నరాలు నెమ్మదించడానికి ఇచ్చే మందు. ఆడదాని పేరు హీనా. రష్యా భాషలో హీనా అంటే క్వినైను, మలేరియా జ్వరానికి వేసే చేదు మందు. రష్యాలో ఎవరినైనా గౌరవంగా పిలవాలంటే పేరు పక్కన తండ్రి పేరు చేరుస్తారు. మనం 'గారు' చేర్చినట్టు. చెహోవ్ ఈ కుక్కలకు ఆ గౌరవం కూడా ఇచ్చాడు. బ్రోమ్ ఇసాయెవిచ్, హీనా మార్కొవ్నా అనేవాడు. అంటే బ్రోమ్ గారు, క్వినైనమ్మ గారు అన్నమాట! ఆవుకి లక్ష్మి అని పేరు పెట్టి, పాలు పితుకుతూ దానితో ఇంటి సంగతులు చెప్పుకునే ఆడవాళ్లు మన ఊళ్లలో లేరా? ఇదీ అలాంటిదే.

సాయంత్రం అయ్యేసరికి అసలు ఆట మొదలయ్యేది. చెహోవ్ తమ్ముడు మిహాయిల్ తర్వాతి కాలంలో ఆ సంగతి రాశాడు. హీనా వచ్చి ముందుకాళ్లు చెహోవ్ మోకాళ్లమీద పెట్టేది. జాలిగా ముఖంలోకి చూసేది. వెంటనే ఆయన ముఖం మార్చేసేవాడు. వణికే ముసలి గొంతుతో దాన్ని పలకరించేవాడు. పాపం, ఎంత బాధపడుతున్నారో అనేవాడు. ఆస్పత్రిలో చేరితే కాస్త నయమవుతుందని సలహా ఇచ్చేవాడు. హీనా కళ్లార్పకుండా వినేది. అరగంటసేపు ఇదే సంభాషణ! ఇంట్లోవాళ్లు నవ్వలేక చచ్చేవాళ్లు. తర్వాత బ్రోమ్ వచ్చి కాళ్లు పెట్టేది. మళ్లీ నవ్వులు.

ఇందులో నవ్వెందుకు వచ్చింది? చెహోవ్ కుక్క వంకరకాళ్లను వెక్కిరించలేదు. దాన్ని పెద్దమనిషిలాగా కూర్చోబెట్టి మాట్లాడాడు. తాను మాత్రం నవ్వలేదు. కథ చెప్పేవాడు ముందే నవ్వేస్తే వినేవాళ్లకు నవ్వు మిగలదు.

మరో సంగతి కూడా ఉంది. ఆ ఇంటి గుమ్మంలో రోజూ పొద్దున్నే నిజం రోగులు ఉండేవారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి బీద రైతులు వచ్చేవారు. చెహోవ్ డబ్బు తీసుకోకుండా చూసేవాడు, మందులు కూడా ఇచ్చేవాడు. 1892లో కలరా భయం వచ్చినప్పుడు 25 ఊళ్లు, 4 ఫ్యాక్టరీలు, ఒక మఠం ఆయన చూసుకున్నాడు. జీతం వద్దన్నాడు. ఆ చుట్టుపక్కల మూడు బడులు కూడా కట్టించాడు.

మరి తన సంగతి? 1884 నుంచే దగ్గితే నెత్తురు పడేది. అది క్షయ. డాక్టరుకి తెలియదా! అయినా ఇంట్లోవాళ్లు భయపడతారని మాట దాటేసేవాడు. తోటి డాక్టర్లను తన ఛాతీ చూడనివ్వలేదు. కుక్కను ఆస్పత్రికి వెళ్లమన్న ఆ మనిషి తాను మాత్రం వెళ్లలేదు. 1897 మార్చిలో నెత్తురు ఆగకుండా పడింది. అప్పుడు గానీ ఆస్పత్రిలో చేరలేదు.

ఈ కుక్కలు రాకముందే, 1887లో, ఆయన కష్టాంక అనే కథ రాశాడు. అందులో కుక్క సగం డాక్స్‌హండ్, సగం నాటుకుక్క. యజమాని తాగుబోతు వడ్రంగి. అతని కొడుకు మాంసం ముక్కకు దారం కట్టి కుక్కకు పెడతాడు, అది మింగగానే దారం లాగి బయటికి తీస్తాడు! ఒకరోజు కుక్క తప్పిపోతుంది. ఒక సర్కస్ జోకరు దాన్ని చేరదీసి, 'అత్త' అని పేరు పెట్టి, కడుపునిండా తిండి పెడతాడు, ఆటలు నేర్పుతాడు. సర్కస్‌లో మొదటి ఆట రోజు జనంలోంచి పాత యజమాని గొంతు వినపడుతుంది. అంతే, తిండీ ఆటా వదిలేసి అటే పరుగెత్తుతుంది. చదివేవాళ్లు ఇక్కడ నవ్వాలో ఏడవాలో తేల్చుకోలేరు.

చెహోవ్ 1899లో మెలిహొవో వదిలి, వెచ్చగా ఉండే యాల్టాకు వెళ్లాడు. 1904లో, 44 ఏళ్లకే చనిపోయాడు. మెలిహొవో ఇల్లు ఇప్పుడు మ్యూజియం. 2012లో అక్కడ బ్రోమ్‌కీ హీనాకీ విగ్రహం పెట్టారు. 1897లో తీసిన ఫొటో కూడా ఒకటి ఉంది. చెహోవ్ ఇంటి మెట్లమీద కూర్చుని ఉన్నాడు. హీనా ఆయన్ని ఆనుకుని ఉంది.