ఆమెకు కంప్యూటరే లేదు!

“మా అమ్మాయికి ఇంటర్నెట్ జోలే లేదు. ఇక మాకు భయమేమిటి?” అని నిశ్చింతగా ఉండే తల్లిదండ్రులు ఎందరో! కానీ ఆ నిశ్చింతకు ఆధారం లేదని ఇంటర్నెట్ కొత్తగా వచ్చిన రోజుల్లోనే తేలిపోయింది.

1998లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో 28 ఏళ్ల యువతి ఇంటి తలుపు ఎవరో తట్టారు. మనిషి ఎవరో ఆమెకు తెలియదు. “నువ్వు రమ్మంటేనే వచ్చాను” అన్నాడు. ఇలా కనీసం ఆరుసార్లు జరిగింది. కొన్నిసార్లు అర్ధరాత్రి వేళ కూడా వచ్చారు. తాను ఎవరినీ పిలవలేదు. అసలు ఆమెకు సొంత కంప్యూటర్ కూడా లేదు!

మరి పిలిచిందెవరు? ఆమె తిరస్కరించిన 50 ఏళ్ల మాజీ సెక్యూరిటీ గార్డు. ఇంటర్నెట్ చాట్ రూముల్లో ఆమె పేరుతో చేరి, తనపై అత్యాచారం చేయమని ఆమే కోరుతున్నట్లు రాశాడు. ఆమె చిరునామా, ఫోన్ నంబరు కూడా పెట్టాడు. “ఆ ప్రకటనలు అబద్ధం” అని ఆమె తలుపుకు కాగితం అంటిస్తే, అది కూడా ఒక పరీక్షేనని మళ్లీ రాశాడు. ఎంతటి కుతంత్రం!

కూతురి మాట నమ్మిన తండ్రి

ఈ కథలో మనం గుర్తుంచుకోవలసిన మనిషి ఆ యువతి తండ్రి. “నువ్వేం చేయకుండానే ఇలా జరిగిందా?” అని ఆయన కూతురిని నిలదీయలేదు. ఆ ప్రకటనలకు ఆశపడిన మగవాడిలా తానే జవాబులు రాసి, అవతలి వ్యక్తిని మాటల్లో పెట్టి, దొరికిన సాక్ష్యాన్ని అధికారులకు అందించాడు. 1999 ఏప్రిల్‌లో నిందితుడు నేరం ఒప్పుకున్నాడు. ఆరేళ్ల జైలుశిక్ష పడింది. ఇలా నెట్‌లో వెంటాడి వేధించడాన్ని నేరంగా చెప్పిన కాలిఫోర్నియా కొత్త చట్టం కింద గెలిచిన మొదటి కేసు ఇదే.

మన దేశంలోనూ ఇలాంటిదే జరిగింది. ఢిల్లీలో ఒక వివాహిత పేరుతో ఎవరో చాట్ చేసి, ఆమె ఫోన్ నంబరు పంచాడు. వేళాపాళా లేకుండా ఫోన్లు మొదలయ్యాయి. కువైట్ నుంచి కూడా వచ్చాయి. ఆమె ఫిర్యాదు చేయడంతో 2001లో పోలీసులు నిందితుణ్ణి పట్టుకున్నారు. అతను ఆమెకు తెలిసినవాడే! అయితే అప్పట్లో ఈ నేరానికి ప్రత్యేక సెక్షన్ లేక, స్త్రీ గౌరవానికి భంగం కలిగించే నేరమైన ఐపీసీ 509 కింద కేసు పెట్టారు.

ఇప్పుడు చట్టం ఉంది

మహిళను వెంటాడి వేధించడం 2013లో ప్రత్యేక నేరమైంది. 2024 జూలై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలోని 78వ సెక్షన్. స్త్రీ ఇంటర్నెట్ వాడకంపై నిఘా పెట్టడం కూడా దీని కిందికే వస్తుంది. మొదటిసారి నేరానికి మూడేళ్ల వరకు శిక్ష. కంప్యూటర్ ద్వారా మరొకరి వేషం కట్టి మోసగిస్తే ఐటీ చట్టం 66డి కూడా వర్తిస్తుంది. ఇలాంటి వేధింపులపై తెలంగాణలో 2014లో మొదలైన షీ టీమ్స్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

అయితే చట్టం దాకా వెళ్లాలంటే ముందు అమ్మాయి ఇంట్లో నోరు విప్పాలి. “చెబితే ఫోన్ లాక్కుంటారు, చదువు మాన్పిస్తారు” అనే భయమే వేధించేవాడి బలం. పరువు పోతుందని ఇల్లు మౌనం వహిస్తే అతని పని మరింత సులువవుతుంది. విచారించకుండా వార్తను నమ్మవద్దనీ, పరుల గుట్టు వెతకవద్దనీ హుజురాత్ సూరా మనల్ని హెచ్చరిస్తోంది కదా! మరి ఎవడో రాసిన రాతను నమ్మి కన్నకూతురిని శంకించడం ఏ న్యాయం?

కనుక తల్లిదండ్రులారా! వచ్చిన సందేశాలను తుడిచేయకండి. తేదీ, సమయంతో సహా భద్రపరచండి. అవే సాక్ష్యం. కూతుళ్లకే కాదు, కొడుకులకూ చెప్పండి. తమాషా కోసం ఒక ఆడపిల్ల పేరుతో ఖాతా తెరవడం, ఆమె నంబరు పంచడం తమాషా కాదు, నేరం. అన్నింటికన్నా ముందు, బిడ్డ భయంతో మీ దగ్గరకు వచ్చిన రోజున ప్రశ్నలు పక్కనపెట్టి, “నీ మాట నమ్ముతున్నాం” అనండి. ఆ యువతిని కాపాడిన పోరాటానికి తొలి అడుగు ఆ నమ్మకమే.