హెచ్‌ఎంజీ-కోఎ రిడక్టేజ్

హెచ్‌ఎంజీ-కోఎ రిడక్టేజ్ అనేది క్షీరదాల కణాలలో కొలెస్టరాల్ తయారీ వేగాన్ని నిర్ణయించే ఎంజైము. ఇది అంతర్జీవద్రవ్యజాలపు త్వచంలో ఇమిడి ఉంటుంది. హెచ్‌ఎంజీ-కోఎ అనే పదార్థాన్ని మెవలోనేట్‌గా మార్చడం దీని పని. కణంలో స్టెరాల్‌లు (కొలెస్టరాల్, దాని సంబంధిత పదార్థాలు) చాలినంత ఉన్నప్పుడు కణమే ఈ ఎంజైమును విచ్ఛిన్నం చేస్తుంది.

నిర్మాణం

మానవులలో ఈ ప్రోటీను 888 అమైనో ఆమ్లాల గొలుసు. గొలుసు మొదటి భాగం త్వచాన్ని 8 సార్లు దాటుతుంది. చివరి భాగం కణద్రవ్యంలో ఉండి రసాయన చర్యను జరుపుతుంది. చర్యకు చివరి భాగం ఒక్కటే చాలు. త్వచభాగాన్ని తొలగించినా ఎంజైము పనిచేస్తుంది, కాని స్టెరాల్‌లు పెరిగినప్పుడు త్వరగా నశించదు. అనగా నియంత్రణకు ఆధారం త్వచభాగమే.

విచ్ఛిన్నమయ్యే విధానం

స్టెరాల్‌లు పెరిగినప్పుడు ఇన్‌సిగ్ అనే త్వచ ప్రోటీను రిడక్టేజ్ త్వచభాగానికి అంటుకొంటుంది. ఇన్‌సిగ్‌తో కూడి ఉన్న జీపీ78 వంటి ఎంజైములు రిడక్టేజ్‌లోని లైసిన్‌లకు యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీనును గుర్తుగా తగిలిస్తాయి. ఆ గుర్తు పడిన రిడక్టేజ్‌ను వీసీపీ అనే ప్రోటీను, ఏటీపీ శక్తిని వినియోగించి, త్వచం నుండి బయటకు లాగుతుంది. చివరకు ప్రోటియోజోమ్ దానిని ముక్కలు చేస్తుంది. ప్రయోగశాలలో పెంచిన కణాలలో స్టెరాల్‌లు కొరవడినప్పుడు ఈ ఎంజైము అర్ధాయువు 10 గంటలకు పైగా ఉండగా, అవి సమృద్ధిగా ఉన్నప్పుడు గంటలోపుకు తగ్గుతుంది.

ఇతర నియంత్రణలు

స్టెరాల్‌లు తగ్గినప్పుడు ఎస్‌ఆర్‌ఈబీపీ-2 అనే ప్రోటీను కేంద్రకంలోకి చేరి రిడక్టేజ్ జన్యువును ప్రేరేపిస్తుంది. కణంలో శక్తి తగ్గినప్పుడు ఏఎంపీకే అనే ఎంజైము రిడక్టేజ్‌కు ఫాస్ఫేట్‌ను చేర్చి దాని పనిని మందగింపజేస్తుంది. మెవలోనేట్ నుండి కొలెస్టరాల్‌తో పాటు యుబిక్వినోన్, డోలికాల్ వంటి అవసరమైన పదార్థాలు కూడా తయారవుతాయి. కాబట్టి ఈ ఎంజైము పూర్తిగా లేకుండా పోవడం కణానికి మేలు కాదు.

వైద్యంలో ప్రాముఖ్యత

స్టాటిన్ మందులు ఈ ఎంజైమును నిరోధిస్తాయి. 1970లలో జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో ఒక శిలీంధ్రం నుండి మొదటి స్టాటిన్‌ను కనుగొన్నాడు. 1987లో అమెరికాలో లోవాస్టాటిన్‌కు అనుమతి లభించింది. కొలెస్టరాల్ నియంత్రణపై పరిశోధనలకు మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది.

స్టాటిన్ వలన కాలేయ కణాలలో స్టెరాల్‌లు తగ్గుతాయి. అప్పుడు రిడక్టేజ్ విచ్ఛిన్నం మందగించి, జన్యువు చురుకై, ఎంజైము పరిమాణం అనేక రెట్లు పెరుగుతుంది. ఇది మందు ప్రభావాన్ని కొంత తగ్గిస్తుంది. అయితే అదే ఎస్‌ఆర్‌ఈబీపీ-2 ఎల్‌డీఎల్ గ్రాహకాలను కూడా పెంచుతుంది. ఆ గ్రాహకాలు రక్తంలోని ఎల్‌డీఎల్‌ను కణంలోకి తీసుకొంటాయి. మందు వలన కలిగే మేలు ప్రధానంగా ఈ మార్గంలోనే లభిస్తుంది.