మొదటి గిటార్ కొంటున్నారా? రంగు కాదు, తీగ ఎత్తు చూడండి

పిఠాపురంలో మా ఖాలా ఇంట్లో బీరువా మీద ఆర్నెల్లపాటు ఒక నల్ల గిటార్ పడి ఉంది. ఇంటర్ చదివే వాళ్లబ్బాయి రెండు ఈద్‌లకు వచ్చిన ఈదీ దాచుకుని, తక్కువ పడింది వాళ్లమ్మ దగ్గర అడిగి, ఆన్‌లైన్‌లో మూడు వేలకు తెప్పించుకున్నాడు. మూడు వారాలు కష్టపడ్డాడు. వేళ్లు కోసుకుపోయాయి, ఒక్క కార్డ్ కూడా శుభ్రంగా పలకలేదు. "నాకు సంగీతం రాదు భయ్యా" అని పైన పెట్టేశాడు.

కాలేజీ రోజుల నుంచి నేనూ కొద్దోగొప్పో వాయిస్తాను. ఆ గిటార్ దించి స్కేలు పెట్టి కొలిస్తే, మెడ మధ్యలో తీగ 4 మిల్లీమీటర్లకు పైగా ఎత్తులో ఉంది. పదేళ్లు వాయించినవాడికైనా దాని మీద వేళ్లు నొప్పెడతాయి. తప్పు వాడిది కాదు, గిటార్‌ది. గిటార్ మానేసిన చాలామంది ఇళ్లలో కథ ఇదే. అందుకే, కొనేముందు ఏం చూడాలో ఇక్కడ చెబుతున్నాను.

ముందు రకం తేల్చుకోండి

అకూస్టిక్ గిటార్‌లో ప్రధానంగా రెండు రకాలు. స్టీలు తీగలది ఒకటి, నైలాన్ తీగలది ఒకటి. నైలాన్‌ది క్లాసికల్ గిటార్. వేళ్లకు మెత్తగా ఉంటుంది కానీ మెడ వెడల్పు, చిన్న చేతులకు అందడం కష్టం. సినిమా పాటలు పాడుతూ కార్డ్స్ వాయించాలనుకునేవాళ్లకు స్టీలు తీగలదే సరిపోతుంది. ఒక్క జాగ్రత్త: నైలాన్ గిటార్‌కు స్టీలు తీగలు ఎప్పుడూ బిగించకండి. స్టీలు తీగల లాగుడు దాదాపు రెట్టింపు. బ్రిడ్జి ఊడొస్తుంది, మెడ వంగుతుంది.

తర్వాత సైజు. షాపుల్లో ఎక్కువగా కనిపించే పెద్ద ఆకారం పేరు డ్రెడ్‌నాట్. 1916లో అమెరికాలోని మార్టిన్ కంపెనీ తయారుచేసింది, పేరు మాత్రం బ్రిటిష్ యుద్ధనౌకది. శబ్దం గట్టిగా వస్తుంది. పొట్టిగా ఉన్నవాళ్లు ఒళ్లో పెట్టుకుంటే మాత్రం కుడి భుజం పైకి లేచిపోతుంది. అలా అనిపిస్తే కొంచెం చిన్న బాడీ తీసుకోండి. పదేళ్లలోపు పిల్లలకు త్రీ ఫోర్త్ సైజు చాలు.

వీణకూ గిటార్‌కూ తేడా

మన ఊరికి తీగ వాద్యం కొత్త కాదు. పిఠాపురం సంస్థానంలో వీణ విద్వాంసులు తుమరాడ సంగమేశ్వర శాస్త్రి ఉండేవారు. ఆయన వీణ విని రవీంద్రనాథ్ ఠాగూర్ శాంతినికేతన్‌కు ఆహ్వానించారు. వీణలో మెట్లను మైనంతో అమరుస్తారు, శ్రుతి తేడా వస్తే కరిగించి మళ్లీ సరిచేసుకోవచ్చు. గిటార్‌లో అది కుదరదు. ఫ్రెట్లు అనే లోహపు మెట్లను చెక్కలోకి దిగ్గొట్టేస్తారు. అవి తప్పు చోట పడితే ఆ గిటార్ జన్మంతా అపశ్రుతే. అందుకే కొనేటప్పుడే పరీక్షించాలి.

షాపులో పది నిమిషాల పరీక్ష

కాకినాడో రాజమండ్రో వెళ్లి చేత్తో పట్టుకుని కొనడం మేలు. అంచు నుంచే సున్నా మొదలయ్యే స్టీలు స్కేలు ఒకటి జేబులో పెట్టుకెళ్లండి. ఫోన్‌లో ఉచిత ట్యూనర్ యాప్ వేసుకోండి.

1. తీగ ఎత్తు: 12వ ఫ్రెట్ దగ్గర, చాలా గిటార్లలో రెండు చుక్కలుండే చోట కొలవండి. ఫ్రెట్ పైభాగం నుంచి లావు తీగ అడుగుకి 2.5 మిల్లీమీటర్లు, సన్న తీగకి 2 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే హాయి. 3 దాటితే సరిచేసి ఇవ్వమనండి.

2. మెడ: తల వైపు నుంచి ఒక కన్ను మూసి చూడండి. మెలి తిరిగి ఉంటే వద్దు. మెడ అంచుల వెంట చెయ్యి జార్చండి. ఫ్రెట్ల కొనలు గుచ్చుకోకూడదు.

3. ప్రతి ఫ్రెట్: ఆరు తీగల మీదా ఒక్కో ఫ్రెట్ నొక్కి మీటండి. ఎక్కడైనా జర్రుమంటే ఆ ఫ్రెట్లు సమానంగా లేవన్నమాట.

4. శ్రుతి: ఖాళీ తీగను ట్యూన్ చేసి, అదే తీగను 12వ ఫ్రెట్‌లో నొక్కి మీటండి. యాప్ అదే స్వరం చూపించాలి. బాగా తేడా వస్తే పక్కన పెట్టేయండి.

5. బ్రిడ్జి: దాని వెనక అంచు కింద కాగితం దూరుతుందేమో చూడండి. దూరితే జిగురు ఊడుతున్నట్టు.

వాయించడం రాకపోయినా ఇవన్నీ ఎవరైనా చేయొచ్చు. మొహమాటపడొద్దు, డబ్బులు మనవి.

ధర వేరు, ఖర్చు వేరు

బీకామ్‌లో నేర్చుకున్నది ఇక్కడ పనికొచ్చింది. మూడు వేల గిటార్ మూలన పడితే మూడు వేలూ నష్టమే. ఎనిమిది వేలది మూడేళ్లు వాయించి, తర్వాత సగం ధరకు అమ్మినా నెలకు పడేది వంద రూపాయల పైచిలుకే. కాబట్టి మీ బడ్జెట్ మొత్తం గిటార్ మీదే పెట్టేయకండి. బ్యాగుకు, అదనపు తీగల సెట్టుకు, సెటప్‌కు వెయ్యి రూపాయలైనా పక్కన ఉంచండి. పికప్, ఈక్వలైజర్, మెరిసే రంగు మొదటి గిటార్‌కు అక్కర్లేదు. ఆ డబ్బు చెక్క మీద, పనితనం మీద పెట్టండి. యమహా ఎఫ్ 280, ఎఫ్ 310 లాంటివి కొత్తవాళ్లు ఎక్కువగా కొనేవి. కానీ పేరు చూసి వదిలేయకుండా వాటికీ పై పరీక్షలన్నీ చేయండి.

అమ్మేవాళ్లు సాలిడ్ టాప్ అని గొప్పగా చెబుతారు. ఒకే పలక చెక్క కాబట్టి నాదం బాగుంటుంది, నిజమే. కానీ తేమకు ఉబ్బుతుంది, ఎండకు బిగుసుకుంటుంది. మనకేమో ఉప్పాడ సముద్రం దగ్గర్లోనే ఉంది. మొదటి గిటార్‌కు పొరలు అతికించిన లామినేట్ చెక్కే నిశ్చింత. వాయించాక తీగలు పొడి గుడ్డతో తుడవండి. లేకపోతే చెమటకు, ఉప్పు గాలికి తొందరగా తుప్పు పడతాయి. ఎండలో పెట్టిన కారులో మాత్రం గిటార్ వదలకండి.

ఆన్‌లైన్‌లోనే కొనక తప్పదంటే, వెనక్కి తీసుకునే గడువు ముందే చదవండి. పెట్టె విప్పుతూ వీడియో తీయండి. ఆ గడువులోపే పై పరీక్షలు పూర్తి చేయండి. మా వాడు అదే చేయలేదు. గడువు దాటాక అమ్మినవాళ్లు ఫోన్ ఎత్తలేదు.

చివరికి ఆ నల్ల గిటార్‌ను కాకినాడలో రిపేర్ చేసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాం. బ్రిడ్జి మీదుండే తెల్ల ముక్క, అదే సాడిల్, అరగదీశారు. మెడలోని ఇనుప కడ్డీ సరిచేసి, కొంచెం సన్న తీగలు వేశారు. ఎత్తు మూడు లోపుకు దిగింది. కొత్తవాళ్లకు రెండు మూడు వారాలు వేలికొనలు మండడం మామూలే, అది భరించాలి. అయినా ఈసారి వాడు మానలేదు. మొన్న వెళ్తే బీరువా మీద గిటార్ లేదు, వాడి ఒళ్లో ఉంది. జీ కార్డ్ నుంచి సీ కార్డ్‌కు మారడంలో ఇంకా తడబడుతున్నాడు. సంగీతం రాదన్న మాట మాత్రం మళ్లీ అనలేదు.