మైకులో మన గొంతు ఎందుకు మునిగిపోతోంది?

సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం కొడిమ్యాలలో చూసినా, కోరుట్లలో చూసినా, సిరిసిల్లలో చూసినా ఒకటే వరస. మధ్యలో బతుకమ్మలు, చుట్టూ ఆడవాళ్లు. పాట ఎత్తుకునేది ఒక్కరు, అందుకునేది అందరూ. మైకు లేని రోజుల్లో దీంతో పేచీ లేదు. ఎత్తుకునే ఆవిడ గొంతు చిన్నదైతే మిగతావాళ్లు కాస్త దగ్గరికి జరిగేవారు, అంతే.

ఇప్పుడు మైకు సెట్టు వచ్చింది. పక్కనే మనిషెత్తు సౌండు బాక్సులూ వచ్చాయి. ఆవిడ మైకు పట్టుకుని పాట ఎత్తుకుంటే మొదటి మాటలు ఎవరికీ వినపడవు. "జర గట్టిగ పాడక్కా" అంటాడు మైకు సెట్టు అబ్బాయి. గట్టిగా పాడితే బాక్సు బర్రుమంటుంది. నాలుగు వరుసలయ్యేసరికి ఎవరో ఒకరు "ఇగ పాటలు పెట్టు తమ్మీ" అనేస్తారు. పెన్‌డ్రైవ్‌లో పాట మొదలవుతుంది. ప్రతి మాటా స్పష్టంగా వినిపిస్తుంది. చప్పట్లు, అడుగులు మిగులుతాయి గానీ పాడటం మాత్రం ఆగిపోతుంది.

"నా గొంతు మైకుకు పనికిరాదు" అనుకుంటూ ఎంతమంది వెనక్కి తగ్గుతారో! నిజానికి పెన్‌డ్రైవ్‌లో పాడిన ఆవిడ గొంతులోనూ హెచ్చుతగ్గులు ఉంటాయి. కాకపోతే స్టూడియోలో ఆమె గొంతు కంప్రెసర్ దాటి బయటికి వచ్చింది. మన గొంతు నేరుగా బాక్సులోకి వెళ్లింది. తేడా అక్కడుంది.

కంప్రెసర్ అంటే ఫ్రిజ్ వెనకాల గుర్రుమనేది కదా అంటారా? ఇది వేరు. అది వాయువును నొక్కుతుంది, ఇది శబ్దంలోని హెచ్చుతగ్గులను నొక్కుతుంది. ప్రెషర్ కుక్కర్ మీద వెయిట్ ఉంటుంది చూడండి. ఆవిరి ఒక స్థాయికి వచ్చేదాకా అది కదలదు, ఆ స్థాయి దాటగానే పని మొదలుపెడుతుంది. కంప్రెసర్‌కీ అలాంటి గీత ఒకటి పెడతారు. దాన్ని థ్రెషోల్డ్ అంటారు. గొంతు ఆ గీతకు లోపల ఉన్నంతసేపూ దాని జోలికి పోదు. గీత దాటితే ఎంత దాటిందో చూసి తగ్గిస్తుంది. ఎంత తగ్గించాలన్నది రేషియో. నాలుగుకు ఒకటి అని పెట్టారనుకోండి, గీత మీద 8 డెసిబెల్స్ పైకి వెళ్లిన గొంతు 2 డెసిబెల్స్ పైనే బయటికి వస్తుంది. అంటే 6 డెసిబెల్స్ తగ్గినట్టు. శబ్దం 10 డెసిబెల్స్ పెరిగితే మన చెవికి సుమారు రెట్టింపు గట్టిగా అనిపిస్తుంది, కాబట్టి ఆరంటే తక్కువేం కాదు.

ఇందులో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. కంప్రెసర్ చిన్న గొంతును పెంచదు, పెద్ద గొంతును తగ్గిస్తుంది. అలా తగ్గించాక మొత్తం పాటను ఆ ఆరు డెసిబెల్స్ పైకి లేపుతారు. అప్పుడు గట్టి మాట ఉన్నచోటే ఉంటుంది, మెల్లని మాట పైకి వస్తుంది. టీవీలో సీరియల్ మెల్లగా నడుస్తుండగా ప్రకటన రాగానే ఇల్లంతా అదిరి రిమోట్ కోసం వెతుక్కుంటాం చూడండి, అదీ చాలావరకు దీని చలవే. ప్రకటనలో మెల్లని చోటంటూ లేకుండా నొక్కేస్తారు.

ఈ పరికరం పుట్టింది పాటగాళ్ల కోసం కాదు, రేడియో కోసం. మాట ఒక హద్దు దాటితే ట్రాన్స్‌మీటర్ తట్టుకోదు, వినేవాళ్లకి గరగర వస్తుంది. అందుకని 1930ల్లోనే అమెరికా రేడియో ఇంజనీర్లు ఇలాంటివి వాడటం మొదలుపెట్టారు. 1960ల్లో టెలిట్రానిక్స్ అనే కంపెనీ ఎల్‌ఏ-2ఏ అని ఒకటి చేసింది. పాట గట్టిగా వస్తే లోపలున్న చిన్న పలక వెలుగుతుంది, ఆ వెలుగు పక్కనున్న సెల్ మీద పడి శబ్దాన్ని తగ్గిస్తుంది. ముఖ్యమైన నాబ్‌లు రెండే. గొంతులకు అది ఎంత నప్పిందంటే, ఇప్పటికీ స్టూడియోల్లో దాని పేరు చెప్పుకుంటారు. ఈ రోజు దాన్ని పోలిన సాఫ్ట్‌వేర్ మామూలు కంప్యూటర్‌లో కూడా దొరుకుతుంది.

నాబ్‌ల సంగతికి వస్తే ఇంకో రెండు ముఖ్యం. గొంతు గీత దాటాక ఎంత తొందరగా పట్టుకోవాలి? అది అటాక్. మరీ తొందరగా పట్టుకుంటే చప్పట్లకు పదును పోతుంది, డప్పు దెబ్బ తడిసిన గుడ్డ మీద కొట్టినట్టుంటుంది. మళ్లీ ఎప్పుడు వదలాలి? అది రిలీజ్. బతుకమ్మ పాటకు నన్నడిగితే ఇదే కీలకం. అందరూ "ఉయ్యాలో" అని గొంతెత్తుతారు. కంప్రెసర్ పట్టుకుంటుంది. ఆ పట్టు వదలకముందే ఎత్తుకునే ఆవిడ తర్వాతి వరుస మొదలుపెడితే ఆమె మొదటి మాట దాని కిందే నలిగిపోతుంది. అలాగని మరీ తొందరగా వదిలితే శబ్దం పొంగుతూ కుంగుతూ ఆయాసపడుతున్నట్టు వినిపిస్తుంది.

స్టూడియోలో ఇవన్నీ తీరిగ్గా చూసుకోవచ్చు. నాలుగు గోడల మధ్య చెవులకు హెడ్‌ఫోన్‌తో పాడతారు, తప్పితే మళ్లీ పాడతారు. ఆరుబయట అలా కుదరదు. బాక్సులో నుంచి వచ్చిన పాట మళ్లీ మైకులోకే వెళ్తుంది. ఎక్కువైతే ఆ కుయ్‌మనే కూత! అది చాలాసార్లు పాట మధ్యలో కాకుండా వరుసకూ వరుసకూ మధ్య ఖాళీలో వస్తుంది, గమనించారా? పాడుతున్నంతసేపు కంప్రెసర్ తగ్గించి ఉంచుతుంది. నోరు ఆపగానే వదిలేస్తుంది. పైకి లేపిన ఆరు డెసిబెల్స్ అప్పుడు మైకు మీద పూర్తిగా పడతాయి. అందుకే స్టూడియోలో పెట్టిన లెక్క బయట పెట్టకూడదు. రెండుకు ఒకటో, మూడుకు ఒకటో చాలు. మీటర్ నాలుగైదు డెసిబెల్స్ తగ్గిస్తున్నట్టు చూపిస్తే అక్కడ ఆగాలి.

ఇంకో మాట. పాడేవాళ్ల ముందర వాళ్లకే వినిపించేలా చిన్న బాక్సు పెడతారు. దానికి కంప్రెసర్ తగిలించకపోవడమే మేలు. గట్టిగా పాడినా తన గొంతు తనకు పెరిగినట్టు వినిపించకపోతే ఆవిడ ఇంకా గట్టిగా పాడుతుంది. తెల్లారేసరికి గొంతు బొంగురుపోతుంది.

సొంతంగా పాట రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టేవాళ్లు ఇప్పుడు ఊరూరా ఉన్నారు. కొడిమ్యాలకు పక్కనున్న మల్యాల మండలం లంబాడిపల్లిలో 2012లో మొదలైన మై విలేజ్ షో గంగవ్వను రాష్ట్రమంతటికీ పరిచయం చేసింది కదా, ఆ ధైర్యం చాలామందికి వచ్చింది. అయితే సిరిసిల్లలో మరమగ్గాల పక్కింట్లో కూర్చుని రికార్డు చేస్తే? కంప్రెసర్‌కు మగ్గానికీ గొంతుకూ తేడా తెలియదు. మెల్లనివన్నీ పైకి లేపుతుంది, వరుసల మధ్య మగ్గం చప్పుడు కూడా లేస్తుంది. ముందు కిటికీలు మూసి, చుట్టూ దుప్పట్లు, బొంతలు వేలాడదీసుకోవాలి. కంప్రెసర్ సంగతి ఆ తర్వాత. ఫోనుతో తీసిన వీడియోలో మాట ఆగగానే కోళ్ల అరుపులు పెరగడం విన్నారా? దాదాపు అలాంటి పనే ఫోను తనంతట తాను చేస్తోందన్నమాట.

పూర్తిగా నొక్కేసిన పాటకు ఒక లాభం ఉంది. ఫ్యాన్ కింద బీడీలు చుట్టుకుంటూ చిన్న ఫోనులో విన్నా ఏ మాటా తప్పిపోదు. కానీ అదే పాటను డీజే బాక్సుల్లో గంటలకొద్దీ పెడితే చెవికి మెల్లని క్షణం ఒక్కటీ దొరకదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్లున్న చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటి దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. పండగలకు అర్ధరాత్రి దాకా సడలింపు ప్రభుత్వం ఇస్తేనే, అదీ ఏడాదికి 15 రోజులు మించకుండా. ఇంట్లో పసిపిల్లలున్నవాళ్లు ఈ అంకెలు గుర్తుపెట్టుకుంటే అడగడానికి ఆధారం ఉంటుంది.

సరే, ఈసారి మైకు మన చేతికి వస్తే ఏం చేయాలి? నోటికి నాలుగు వేళ్ల దూరంలో పట్టుకోండి. దూరం రెట్టింపైతే శబ్దం ఆరు డెసిబెల్స్ దాకా పడిపోతుంది. గొంతెత్తే చోట కాస్త వెనక్కి, మెల్లగా పాడే చోట దగ్గరికి జరపండి. కంప్రెసర్ చేసే పనిలో సగం చేత్తోనే అయిపోతుంది. మైకు తలను మాత్రం పిడికిట్లో మూయకండి, కూత పెడుతుంది. ఆట మొదలవకముందే మైకు సెట్టు అబ్బాయిని పిలిచి, "తమ్మీ, మిక్సర్ల కంప్రెసర్ ఉన్నదా?" అని అడగండి. ఈ కాలపు మిక్సర్లలో చాలావాటికి ఉంటుంది, వాడటమే తక్కువ. మీ పాటలో అన్నిటికన్నా గట్టి వరుస ఒకటి, మెల్లని వరుస ఒకటి పాడి వినిపించండి. ఇంకో నలుగుర్ని కూడా "ఉయ్యాలో" అని అందుకోమనండి. ఆ వెంటనే మీరు పాడే మొదటి మాట చివరి వరుసలో నిలబడ్డ అవ్వకు వినపడిందో లేదో అడిగి, అప్పుడు ఆట మొదలుపెట్టండి.