పాలక్యానులు ఎవరివద్ద కొనాలి?

పాలక్యానులు కొనేటప్పుడు సంఘాలు ధర చూస్తాయి. కారుతుందా అని చూసేవి తక్కువ. సెకనుకు ఒక్క చుక్క కారినా గంటకు సుమారు 180 మిల్లీలీటర్లు పోతాయి. ఆ తరుగు సభ్యుల డబ్బే.

కొత్త 40 లీటర్ల క్యానులో నీరు నింపి, మూత బిగించి, పొడి గచ్చుపై అరగంట పడుకోబెట్టండి. తడి మూతవద్ద కనిపిస్తే రబ్బరు రింగు మార్చి చూడవచ్చును. అతుకువద్ద కనిపిస్తే తిప్పి పంపవలసిందే, బేరాలు వద్దు.

క్యాను నంబరు, సరఫరాదారు పేరు, తేదీ, ఫలితం రిజిస్టరులో వ్రాసి, ఆరు నెలలకు మళ్లీ పరీక్షించండి. కొత్తలో నెగ్గి తరువాత కారేవి ఎవరివో అప్పుడే బయటపడుతుంది. ఒక్క క్యాను చూసి ఎవరినీ తీసివేయరాదు. పదింటిలో మూడు కారితే మాత్రం ఆలోచించవలసినదే.

కొటేషన్లు తెరిచేనాడు పాలకవర్గం ముందు ఆ రిజిస్టరు ఉండవలెను. ధరలు తరువాత చూడవచ్చును.