150 రోజుల నీళ్ళు: ఫాలౌట్ ఆటతో తొలి పరిచయం



ఈనాటి ప్రసంగంలో ఒక కంప్యూటరు ఆట గురించి చెప్పుకుందాం. ఆట పేరు ఫాలౌట్. 1997 అక్టోబరులో అమెరికాలోని ఇంటర్‌ప్లే సంస్థ దీన్ని విడుదల చేసింది. పాతికేళ్ళు దాటినా దీన్ని ఇప్పటికీ కొని ఆడుతున్నారు. 2024 ఏప్రిల్‌లో ఇదే పేరుతో అమెజాన్ ప్రైమ్‌లో ధారావాహిక వచ్చాక, అంతవరకు ఈ పేరే వినని వాళ్ళు కూడా ఆట వైపు చూశారు.

మారతహళ్ళి పీజీ హాస్టళ్ళలో ఉంటూ సాఫ్ట్‌వేరు ఉద్యోగాలు చేసుకునే మన తెలుగు పిల్లలకు ఇలాంటి ఆటలు కొత్త కాదు. అయితే ఈ పాత ఆటను ఉత్సాహంగా మొదలుపెట్టి, మొదటి గంటలోనే విసుగెత్తి వదిలేసేవాళ్ళు చాలామంది. తప్పు వాళ్ళది కాదు, ఆటదీ కాదు. దీన్ని ఏ చూపుతో చూడాలో ముందుగా ఎవరూ చెప్పకపోవడమే అసలు చిక్కు. ఆ ముందుమాట ఈ పూట చెప్పుకుందాం.

ముందు ఇది ఏ జాతి ఆటో తెలియాలి. చదరంగంలో మనం బయట కూర్చుని పావులు కదుపుతాం. ఈ ఆటలో మనమే ఒక వేషం కట్టి లోపలికి వెళ్ళాలి. పగటి వేషగాడు ఏ వేషం కడితే ఆ మాట, ఆ నడక పట్టినట్టు, ఇక్కడ మన పాత్ర బలం, తెలివి, మాట నేర్పు మొదటే నిర్ణయించుకోవాలి. తరువాత కథంతా ఆ పాత్రకు తగ్గట్టుగానే నడుస్తుంది. దీన్నే రోల్ ప్లేయింగ్ అంటారు.

ఇక కథ. 2077వ సంవత్సరం అక్టోబరు 23న అణుయుద్ధం జరిగి లోకం బూడిద అయిపోతుంది. కొద్దిమంది భూమి లోపల కట్టిన పెద్ద పెద్ద నేలమాళిగల్లో తలదాచుకుంటారు. 84 ఏళ్ళు గడుస్తాయి. 2161లో, కాలిఫోర్నియా కొండల కింద ఉన్న 13వ నేలమాళిగలో నీటిని శుద్ధి చేసే యంత్రం మొరాయిస్తుంది. అందులో ఒక చిప్పు పాడైంది. మారు చిప్పు లేదు. నిల్వ ఉన్న నీళ్ళు 150 రోజులకు సరిపోతాయి. మాళిగ పెద్ద మిమ్మల్ని పిలిచి, బయటికి వెళ్ళి చిప్పు తెమ్మంటాడు. ఇనుప తలుపు తెరుచుకుంటుంది. మీరు బయట పడతారు. వెనక తలుపు మూసుకుంటుంది.

గమనించండి, ఇక్కడ రాజ్యం గెలవమని గాని, నిధి తవ్వి తెమ్మని గాని ఎవరూ అడగడం లేదు. అడిగింది తాగే నీళ్ళు. ఈ ఒక్క మాట మనసులో పెట్టుకుంటే ఆటలో చాలా సంగతులు వాటంతట అవే అర్థమవుతాయి.

మొదటి అనుభవం ఎలా ఉంటుందో దాచకుండా చెప్పాలి. అంత ఆకర్షణీయంగా ఉండదు. తెర మీద మట్టిరంగు, తుప్పురంగు తప్ప మరో రంగు అరుదు. పైనుంచి ఏటవాలుగా చూసే బొమ్మలు. బయట అడుగుపెట్టగానే చీకటి గుహ, మీకంటే ముందు పంపిన మనిషి అస్థిపంజరం, చుట్టూ ఎలుకలు. ఎటు పొమ్మని బాణం గుర్తులు చూపేవాళ్ళు లేరు. మొదట్లో మీరు పేల్చే గుళ్ళలో సగం గాలిలో పోతాయి. ఈనాటి ఆటల వేగానికి అలవాటుపడ్డవాళ్ళకు ఇది నత్తనడకలా ఉంటుంది. ఒకటి రెండు గంటలు ఓపిక పట్టండి. మొదటి ఊరు చేరి నలుగురితో మాట్లాడాక ఆట రుచి తెలుస్తుంది.

ఇప్పుడు కొన్ని సూచనలు.

మొట్టమొదట పాత్ర తయారీ. బలం, గ్రహణశక్తి, దేహదారుఢ్యం, ఆకర్షణ, తెలివి, చురుకుదనం, అదృష్టం అని 7 గుణాలుంటాయి. ఒక్కొక్కటి 1 నుంచి 10 వరకు పెట్టుకోవచ్చు. మొత్తం మీద మీకు దొరికేవి 40 మార్కులు. అన్నిటికీ సమానంగా పంచితే పాత్ర దేనికీ కొరగాదు. కొత్తవాళ్ళు చురుకుదనానికి 9, తెలివికి 8, గ్రహణశక్తికి 7, బలానికి 5, దారుఢ్యానికి 4, అదృష్టానికి 4, ఆకర్షణకు 3 ఇచ్చుకుంటే బండి సాఫీగా నడుస్తుంది. చురుకుదనం ఎందుకంటే, ఇందులో పోరాటం వంతులవారీగా సాగుతుంది. మీ వంతులో ఎన్ని అడుగులు వేయగలరు, ఎన్నిసార్లు కాల్చగలరు అనేది చురుకుదనాన్ని బట్టే ఉంటుంది. తెలివి 4 కంటే తక్కువ పెడితే మీ పాత్రకు సరిగ్గా మాట్లాడడం రాదు. మూలుగులు, ముక్కలు మాటలు తప్ప నోరు పెగలదు. అది చూడవలసిన వేడుకే గాని, రెండోసారి ఆడేటప్పుడు చూద్దురు గాని.

గుణాల తరువాత విద్యలు. మొత్తం 18 ఉంటాయి. వాటిలో 3 ఎంచుకుంటే అవి మిగతా వాటికంటే త్వరగా పెరుగుతాయి. చిన్న తుపాకులు, మాట నేర్పు, తాళాలు తీయడం, ఈ మూడూ మొదటి ఆటకు చాలు. మాట నేర్పును చిన్నచూపు చూడకండి. ఈ ఆటలో చివరి శత్రువును సైతం, సాక్ష్యాధారాలు సేకరించి వాదనలో ఓడించవచ్చు. తుపాకీ తీయనక్కరలేదు. 1997 నాటి ఆటలో ఇలాంటి దారి ఉంచడం చిన్న సంగతి కాదు.

రెండో సూచన, ఆ మొదటి గుహ. ఎలుకల మీద గుళ్ళు వృథా చేయకండి. కత్తి చాలు, లేదా తప్పించుకుని బయటపడండి. గుళ్ళు తరువాత చాలా అవసరమవుతాయి.

మూడోది, దారి. మీకు ఇచ్చిన ఆచూకీ ప్రకారం తూర్పున ఉన్న 15వ నేలమాళిగకు వెళ్ళాలి. దారిలో షేడీ శాండ్స్ అనే చిన్న పల్లె తగులుతుంది. మట్టి గోడలు, పంట పొలాలు. అక్కడ ఆగండి. ప్రతి ఒక్కరినీ పలకరించండి. ముందుకు వెళ్ళాక కూలిన లిఫ్టు గుంతల్లోకి దిగవలసి ఉంటుంది కనుక తాడు సంపాదించుకోండి. కాస్త విజ్ఞానం తెలిసిన పాత్ర అయితే అక్కడి రైతుకు పంట మార్పిడి గురించి చెప్పవచ్చు. అందుకు కూడా ఆట మీకు అనుభవం మార్కులు ఇస్తుంది. మనిషిని చంపితేనే లాభం అనే లెక్క కాదన్నమాట.

నాలుగోది, తోడు. అదే పల్లెలో ఇయన్ అనే కాపలాదారు ఉంటాడు. కొంత సొమ్ము ఇస్తే, లేదా ఒప్పించగలిగితే వెంట వస్తాడు. మంచివాడే, కాని మధ్యలో ఎవరున్నారో చూడకుండా కాలుస్తాడు. ఒకేసారి గుళ్ళవాన కురిపించే తుపాకీ అతని చేతికి ఇవ్వకండి. ఇస్తే మీ వీపుకే తగులుతుంది. జంక్‌టౌన్ అనే మరో ఊళ్ళో ఒక కుక్క ఉంటుంది. తిండి పెట్టండి, లేదా తోలు చొక్కా వేసుకుని దగ్గరకు వెళ్ళండి. వెంట వస్తుంది.

ఐదోది, ఆటను దాచుకోవడం, అంటే సేవ్ చేయడం. ఊళ్ళో అడుగుపెట్టే ముందు, పోరాటానికి ముందు తప్పక దాచుకోండి. ఒకే గడిలో కాకుండా రెండు మూడు గడుల్లో మార్చి మార్చి దాచుకోండి. అయితే మాట కొంచెం బెడిసికొట్టినప్పుడల్లా వెనక్కి వెళ్ళి దిద్దుకోకండి. చేసిన పనికి ఫలితం అనుభవించడమే ఈ ఆటలోని సారం.

ఆరోది, అన్నిటికంటే ముఖ్యమైనది, కాలం. మీ చేతికి కట్టిన పిప్‌బాయ్ అనే యంత్రంలో తేదీ కనిపిస్తుంది. ఊళ్ళో తిరిగినా, మాట్లాడినా కాలం పెద్దగా గడవదు. ఊరి నుంచి ఊరికి నడిచినప్పుడు మాత్రం రోజులు దొర్లిపోతాయి. గాయాలు మానేదాకా పడుకున్నా రోజులు పోతాయి. కాబట్టి ఒక ఊళ్ళో పనులన్నీ ముగించుకుని బయలుదేరండి. కంగారు అక్కరలేదు. నిదానంగా ఆడినా 150 రోజులు సరిపోతాయి. చాలవని భయపడేవాళ్ళకు మరో దారి ఉంది. హబ్ అనే వర్తక నగరంలో నీళ్ళ వ్యాపారులుంటారు. సొమ్ము చెల్లిస్తే మీ మాళిగకు నీళ్ళబండ్లు పంపుతారు, గడువు మరో 100 రోజులు పెరుగుతుంది. కాని ఊరికే రాదు. ఆట తొలి రూపంలో, అలా బండ్లు పంపిస్తే శత్రువులు మీ మాళిగ జాడ కనిపెట్టే గడువు తగ్గిపోతుంది.

ఈ మాట వినగానే మారతహళ్ళి శ్రోతలకు ఒక సంగతి గుర్తుకు రాక మానదు. 2023లో వానలు ముఖం చాటేశాక, 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో బెంగళూరు ఎలా అల్లాడిందో చూశాం. బోర్లు ఎండిపోయాయి. తూర్పున మహదేవపుర ప్రాంతం బోర్ల మీదా ట్యాంకర్ల మీదా ఆధారపడ్డది కనుక దెబ్బ గట్టిగా తగిలింది. ట్యాంకరు ధరలు పెరిగిపోతే జిల్లా యంత్రాంగం కలుగజేసుకుని, 5 కిలోమీటర్ల లోపు 12,000 లీటర్ల ట్యాంకరుకు 1,000 రూపాయలని ధర కట్టింది. తాగునీటితో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించింది. ఆ ఏడాది అక్టోబరులో కావేరి అయిదో దశ పథకం ప్రారంభమై, నగరంలో తరువాత కలిసిన 110 గ్రామాలకు రోజుకు 77 కోట్ల 50 లక్షల లీటర్లు తెచ్చే ఏర్పాటు జరిగింది. అటు బెళ్ళందూరు చెరువు, ఇటు వర్తూరు చెరువు, మధ్యలో మన మారతహళ్ళి. 2017 ఫిబ్రవరిలో ఆ బెళ్ళందూరు చెరువులోనే మంటలు లేచాయి. నీళ్ళున్న చోట నిప్పు పుట్టడం చూసినవాళ్ళకు ఫాలౌట్ లోకం మరీ కట్టుకథలా అనిపించదు.

ఇప్పుడు ఆటలోని అసలు పరీక్షకు వద్దాం. ముందే చెప్పడం మీ కుతూహలానికి అన్యాయమే అయినా, ఊరి పేరు చెప్పకుండా చెబుతాను. మీకు కావలసిన చిప్పు ఒక పాడుబడ్డ నగరం అడుగున దొరుకుతుంది. ఆ నగరంలో, అణుధూళి సోకి చర్మం ఊడిపోయి, వికృతంగా మారినా ప్రాణాలతో ఉన్న మనుషులు బతుకుతున్నారు. వాళ్ళ తాగునీరు కూడా ఆ చిప్పు పుణ్యమే. చిప్పు పీకి తెచ్చుకుంటే మీ వాళ్ళు బతుకుతారు. వాళ్ళు దాహంతో చనిపోతారు. అలా చేయకుండా ఆట మిమ్మల్ని ఆపదు. చిప్పు చేతిలో పడగానే కొందరు ఆటగాళ్ళు సంతోషంగా ఇంటిదారి పడతారు.

కాని అదే నగరంలో చెడిపోయిన నీటి పంపు ఒకటి ఉంది. మురుగు కాలువల్లో వెతికితే దానికి కావలసిన సామాను దొరుకుతుంది. బాగుచేసి చిప్పు తెచ్చుకుంటే రెండు ఊళ్ళూ బతుకుతాయి. దీనికి ఎక్కువ శ్రమ, కొంత ఓపిక కావాలి. అందుకే మరమ్మతు విద్యకు కూడా కొన్ని మార్కులు పెట్టుకోమని చెప్పడం. అక్కడివాళ్ళతో ఆగి మాట్లాడినవాడికే పంపు సంగతి తెలుస్తుంది. కాల్చుకుంటూ పోయినవాడికి తెలియదు. నాకు నీళ్ళు కావాలంటే ఎవరి నీళ్ళు తెస్తున్నాను అన్న ప్రశ్న ఈ ఆట అడిగినంత సూటిగా అడిగిన ఆటలు తక్కువ. ట్యాంకరు వచ్చి నిలబడినప్పుడు ఆ నీళ్ళు ఏ ఊరి బోరువో మనమూ అడగం కదా.

ఈ ఆట తరువాత వచ్చిన వాటి గురించి ఒక మాట. 1998లో రెండో ఫాలౌట్ వచ్చింది. హక్కులు చేతులు మారి, 2008లో బెథెస్డా సంస్థ మూడోది తెచ్చింది. అందులోనూ కథ నీటి చుట్టూనే, వాషింగ్టన్ దగ్గర విషమెక్కిన నదినీటిని శుద్ధి చేసే పథకం చుట్టూనే తిరుగుతుంది. ఆ మూడో ఆటను, సాంస్కృతిక సున్నితత్వాల దృష్ట్యా భారతదేశంలో విడుదల చేయడం లేదని మైక్రోసాఫ్ట్ 2008 అక్టోబరులో ప్రకటించింది. ఫలానా కారణమని విడమరచి చెప్పలేదు. ఈ ఆటల్లోని రెండు తలల ఆవులకు బ్రాహ్మిన్ అని పేరు పెట్టడమే కారణమై ఉంటుందని అప్పట్లో చాలామంది ఊహించారు. బొమ్మల హంగు కావాలనుకునేవాళ్ళు మూడో ఆటతో మొదలుపెట్టవచ్చు. మాటలు, నిర్ణయాలు ముఖ్యమనుకునేవాళ్ళకు మొదటిదే మేలు. 16 మెగాబైట్ల మెమరీ ఉన్న కంప్యూటర్ల కోసం చేసిన ఆట కాబట్టి, ఆఫీసు పని చేసే మామూలు లాప్‌టాప్ మీద కూడా హాయిగా నడుస్తుంది.

చివరగా రెండు జాగ్రత్తలు. ఇందులో రక్తపాతం, మత్తుమందులు, మద్యం ఉన్నాయి. పిల్లలకు తగిన ఆట కాదు. పెద్దవాళ్ళు కూడా రోజుకు గంట, గంటన్నర అని హద్దు పెట్టుకోండి. ఒక ఊరి పని ముగియగానే దాచుకుని లేవండి. రెండోది, మాటలన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి, తెలుగు రూపం లేదు. పక్కన ఒక నోటు పుస్తకం పెట్టుకుని, ఎవరు ఏం చెప్పారో, ఏ ఊరు ఎటుందో రాసుకోండి. మొదటిసారి ఆడేటప్పుడు ఎవరో రాసిన దారి పట్టీ చూసి ఆడకండి. దారి తప్పడంలోనే సగం ఆనందం ఉంది.

ఆట ముగిశాక, మీరు అడుగుపెట్టిన ఊళ్ళు తరువాత ఏమయ్యాయో ఒక్కొక్కటిగా చూపిస్తారు. ఎన్ని శత్రువులను కొట్టారన్న లెక్క కంటే ఆ జాబితా శ్రద్ధగా వినండి. మీరు ఎలా ఆడారో అదే చెబుతుంది.